పసుపు బకెట్ల ఆదివారం

జూలై 3, సోమవారం

ఓస్మో టైమ్‌టేబుల్ పంపాడు. తమ్ముడి మెయిలే కదా అని కాఫీ తాగుతూ తెరిచాను. కాఫీ చల్లారిపోయింది.

ఈ ఏడు దేశపు డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ మా ఊరు కూసిలాహ్తిలో. నేను గొడ్డలి పట్టి దారులు కొట్టిన అడవిలో, నేను రాళ్ళు మోసి ఎత్తు చేసిన టీల మీద, అంటే నిలబడి విసిరే గద్దెల మీద. పళ్ళెం లాంటి డిస్కుని వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసుల బుట్టలో వెయ్యడమే ఆట. నాలుగు రోజులు, లైవ్ కెమెరాలు, జనాన్ని ఆపడానికి తాళ్ళు, ఆకాశంలో డ్రోన్. అంతా బాగుంది. ఆదివారం దగ్గరికి వచ్చేసరికి, మగవాళ్ళ ఫైనల్ మధ్యాహ్నం ఒంటిగంటకి. ఆడవాళ్ళ ఫైనల్ పొద్దున ఏడున్నరకి. ప్రేక్షకులకి గేటు తెరిచేది పదకొండుకి.

అంటే మా ఆడపిల్లలు పద్దెనిమిది బుట్టలూ ఆడేసి, చెమట తుడుచుకుని ఇళ్ళకి పోయే వేళకి జనం లోపలికి వస్తారన్నమాట.

నాకేం. నేను గడ్డి కోసేదాన్ని. గడ్డి ఆడవాళ్ళకి వేరుగా, మగవాళ్ళకి వేరుగా పెరగదు.

జూలై 4, మంగళవారం

నిద్ర పట్టలేదు. దోమలు.

జూలై 5, బుధవారం

గడ్డి కోసే యంత్రానికి కొత్త బ్లేడు కావాలని ఓస్మో ఆఫీసుకి వెళ్ళాను. బ్లేడు కోసమే వెళ్ళాను. మాట మాత్రం వేరే దారిన పోయింది.

“ఆదివారం సంగతి చూశానురా” అన్నాను.

“అక్కా, ఇప్పుడు మొదలెట్టకు.”

“నేనేమన్నానని?”

“అనబోతున్నావు. నీ మొహం చూస్తే తెలియడం లేదూ?”

“జనం లేకుండా ఫైనల్ ఏంట్రా? అది ఫైనలా, ప్రాక్టీసా?”

“లైవ్ వాళ్ళకి మగవాళ్ళ ఆట మధ్యాహ్నం కావాలి. ఆడడానికి ఉన్నది ఒక్కటే కోర్సు. ఎవరో ఒకళ్ళు పొద్దున ఆడాలి కదా.”

“ఆ ఎవరో ఒకళ్ళు ముప్పై ఏళ్ళుగా మేమే అవుతున్నాం. ఎంత విచిత్రమో!”

వాడు లేచి తలుపు వేశాడు. టోర్నమెంట్ డైరెక్టరు అయినప్పటి నుంచీ వాడికి తలుపులు వేసే అలవాటు వచ్చింది. గొంతు తగ్గించి, “మినేయా ఈసారి గెలిచినా గెలుస్తుంది. నీకూ తెలుసు. నా కూతురి ఫైనల్‌ని నేనే తీసుకెళ్ళి మంచి వేళలో పెట్టుకుంటే దేశమంతా ఏమంటుంది? కంచే చేను మేసిందంటారు” అన్నాడు.

“అందుకని మిగతా ఆడపిల్లలందర్నీ కూడా గడ్డి మీద మంచు తుడవడానికి పంపిస్తావా?”

“టైమ్‌టేబుల్ అచ్చయిపోయింది. ఒక్క నిమిషం కూడా కదలదు.”

ఆ మాట నిజం. చిన్నప్పుడూ అంతే, పుట్టినరోజు కేకు కూడా చెప్పిన గంట కొడితేగానీ కోయనిచ్చేవాడు కాదు. బ్లేడు అడగడం మర్చిపోయి వచ్చాను.

జూలై 8, శనివారం

శ్రమదానం. సగం ఊరు వచ్చింది. తాళ్ళకి గుంజలు పాతారు, పన్నెండో బుట్ట దగ్గర చిత్తడిలో రంపపు పొట్టు పోశారు, కెమెరాల వాళ్ళకి మంచె కట్టారు. వంట నా స్నేహితురాలు హిల్కాది. బఠాణీ సూపు, యాలకుల బన్నులు, కాఫీ. ఎవరూ ఎవరికీ కూలి ఇవ్వరు, ఎవరూ ఎవర్నీ అజమాయిషీ చేయరు, పని మాత్రం అయిపోతుంది. మా ఊరంటే నాకు ఇందుకే గర్వం.

సూపు తాగుతూ కొత్త సభ్యులు మమ్మల్ని ఆటపట్టించారు. నేనూ హిల్కా 1991 ఛాంపియన్‌షిప్ ఆడినవాళ్ళమని వాళ్ళకి తెలుసు.

“మీ రోజుల్లో బుట్టలుండేవా, చెట్లకే కొట్టేవారా?”

“బుట్టలకేం, ఉండేవి” అంది హిల్కా. “గొలుసులు తుప్పు పట్టి, డిస్కుని పట్టుకోవడం మానేసి బయటికి ఉమ్మేసేవి.”

నవ్వారు. నవ్వనీ. ఇప్పుడు ఒక్కొక్కళ్ళకి పాతిక డిస్కులు, వాటిని తోసుకెళ్ళడానికి చక్రాల బండి, బండికి గొడుగు. మాకు మూడు డిస్కులు, ఒక గుడ్డ సంచీ, ఆట అయ్యాక ఇంటికి బంగాళాదుంపలు తెచ్చుకునేదీ ఆ సంచీలోనే. లెక్క తడిసిన కాగితం మీద పెన్సిలుతో రాసుకునేవాళ్ళం. ఇప్పుడు విసురు ఇంకా గాల్లో ఉండగానే దేశమంతా ఫోన్లలో చూసేస్తోంది. అప్పుడు ఆడవాళ్ళం నలుగురం. మగవాళ్ళకంటే ముందు మమ్మల్ని పంపేవారు, గడ్డి మీది మంచు అంతా మా కాళ్ళకి తుడుచుకుపోయి వాళ్ళు వచ్చేసరికి గడ్డి పొడిగా ఉండేది. ఈసారి ఆడవాళ్ళే అరవై మంది పైన. అది తలుచుకుంటే ఛాతీ ఉప్పొంగుతుంది, అబద్ధమెందుకు.

ఆ ఏడు గెలిచినందుకు నాకు వచ్చిన బహుమతి కాఫీ ఫ్లాస్కు. పాత వస్తువుల బల్ల మీద పెడతాను ఇవ్వమని ఓస్మో అడిగాడు. మరి నేను కాఫీ ఎందులో పోసుకోను?

నేను గెలిచినప్పుడు పదిమంది చూశారని వాళ్ళకి చెప్పాను. హిల్కా నా వంక అదోలా చూసింది.

జూలై 9, ఆదివారం

పదిమంది కాకపోవచ్చు. ఐదారుగురు.

జూలై 12, బుధవారం

మినేయా వచ్చింది. మేనకోడలని చెప్పడం కాదుగానీ, ఆ పిల్ల మణికట్టు తిప్పిందంటే డిస్కు చెప్పిన మాట వింటుంది. నేను నేర్పాను కాబట్టి అనడమూ కాదు. నేర్పింది నేనే, అది వేరే సంగతి.

“ఏడున్నరైతే ఏం అత్తా? బేకరీ పనికి నేను నాలుగింటికే లేస్తాను. ఏడున్నరంటే నాకు మిట్టమధ్యాహ్నం.”

“చూడ్డానికి జనం ఉండరే.”

“మంచిదేగా. చెట్టుకి కొట్టినా పరువు పోదు.”

నవ్వింది. నేనూ నవ్వాను. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, “నాన్న కూడా రారట. ఆ వేళకి లైవ్ వాళ్ళ దగ్గర ఉండాలట” అంది.

“నువ్వడిగావా?”

“అడిగితే ఇబ్బంది పడతారు. మీటింగుల్లో నా పేరు కూడా ఎత్తడం లేదు, తెలుసా? ‘పోటీదారు’ అంటున్నారు.”

ఆ పిల్ల వెళ్ళాక రెండు కప్పులు పగలగొట్టాను. చేతులు తడిగా ఉన్నాయి.

జూలై 14, శుక్రవారం

పక్క ఊళ్ళో పెద్ద కొట్టొకటి కొత్తగా తెరిచారు. ముందొచ్చినవాళ్ళకి ఉచితంగా ప్లాస్టిక్ బకెట్. తెల్లారుతూనే వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఇంట్లో ఏడు బకెట్లున్నాయి. ఎనిమిదోది ఎందుకంటే ఏం చెప్పను, ఉచితం. ఈ దేశంలో పుట్టినవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగరు.

సన్నగా జల్లు. కొట్టు తెరవడానికి ఇంకా బోలెడు టైముంది, వరస అప్పుడే మలుపు తిరిగింది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, చెయ్యి చాపినా తగలనంత దూరంలో, మాటా పలుకూ లేకుండా. నా ముందాయన మడత కుర్చీ తెచ్చుకున్నాడు. అదిగో, అప్పుడు తట్టింది. పొద్దున్నే జనం రారని ఎవరన్నారు?

బకెట్ పుచ్చుకుని నేరుగా హిల్కా ఇంటికి వెళ్ళి చెప్పాను.

“నీకు మతి పోయిందే” అంది. కాఫీ పోసింది. రెండు గుక్కలు తాగింది. “ఎన్ని బకెట్లు కావాలి?” అంది. “ఉచితమంటే మనవాళ్ళు ఫినాయిలైనా తాగేస్తారు. బకెట్టంటే ఇక చెప్పాలా!”

హిల్కా మరిది తౌనోకి మా ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టుంది. పక్క ఊరి కొట్టు పేరెత్తితే చాలు, ఆయనకి ఒళ్ళు మండుతుంది. ఇద్దరం వెళ్ళాం.

“వాళ్ళు ఐదొందల బకెట్లు పంచారు” అన్నాను, ఊరికే అన్నట్టు.

“ఎవరు చెప్పారు?”

“నేనే తెచ్చుకున్నాగా. మంచి సరుకు. పిడి గట్టిగా ఉంది.”

తౌనో మొహం బీట్‌రూట్ ముక్కలా అయింది. “నేను ఎనిమిదొందలు పంచుతాను” అన్నాడు. “ఎప్పుడు? ఎక్కడ?”

ఎప్పుడో, ఎక్కడో చెప్పాం.

జూలై 17, సోమవారం

బకెట్లు వచ్చాయి. పసుపు రంగు. మరీ ఇంత పసుపా అని హిల్కా. ఓస్మోకి ఇంకా చెప్పలేదు. వాడికి వంద పనులు, ఎందుకు విసిగించడం.

జూలై 20, గురువారం

మొదటి రౌండు. మినేయా మూడో స్థానం.

పొద్దున పేపర్లో తౌనో ప్రకటన సగం పేజీ. ‘ఆదివారం పొద్దున్నే, ఛాంపియన్‌షిప్ గేటు దగ్గర, ఉచిత బకెట్!’ పదింటికల్లా ఓస్మో నా సామాన్ల గది ముందు ప్రత్యక్షం. చేతిలో అదే పేపరు.

“ఇది ఛాంపియన్‌షిప్ అక్కా! కొట్టు ప్రారంభోత్సవం కాదు!”

“కొట్టు ప్రారంభోత్సవానికి జనం వస్తారు. అదే తేడా.”

“‘ఏంటీ, డబ్బా మూతలు విసురుకుంటున్నారు’ అని నవ్వేవాళ్ళు మనల్ని చూసి. ఆ ఆటని టికెట్ కొని చూసే ఆట చెయ్యడానికి నా సగం జీవితం పట్టింది. ఇప్పుడు కెమెరాల ముందు బకెట్లు పంచుతావా?”

వాడు చెప్పింది నిజమే. మొదటి బుట్టలు వాడే వెల్డింగ్ చేశాడు. చలికాలంలో మంచు తవ్వి మరీ టీలు శుభ్రం చేశాడు. టౌన్ హాలు చుట్టూ తిరిగి తిరిగి ఈ అడవి సంపాదించాడు. వాణ్ణి చూస్తే నాకు గర్వం కాదూ? గర్వమే. ఆ సంగతి వాడికి చెప్పబోయాను, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“టికెట్ కొని చూసేది మగవాళ్ళ ఆట. నేనడిగేది మా ఆట గురించి.”

“నువ్వడిగేది నీ ఆట గురించి! నువ్వు గెలిచిన రోజు ఎవరూ చూడలేదని ముప్పై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నావు.”

“చూశారు. ఐదుగురు చూశారు.”

వాడు పేపరు మడిచాడు. తర్వాత నెమ్మదిగా, “బకెట్లు గేటు బయటే పంచుకోండి. ఒక్కటి కూడా లోపలికి రాకూడదు. గేటు చూసుకునేది హిల్కాయే కదా, పదకొండుకే తెరవమని చెప్పేశాను” అని వెళ్ళిపోయాడు.

జూలై 21, శుక్రవారం

ఎవరూ చూడలేదు.

వాన ఆ రోజు. చివరి బుట్ట. మిగతా ముగ్గురూ ముందే ముగించి ఫర్ చెట్టు కిందకి పరిగెత్తారు, కాగితం తడవకుండా వీపులు ఇటు పెట్టి లెక్క రాసుకుంటున్నారు. మగవాళ్ళు సాసేజీల బండి దగ్గర ఉన్నారు, ఓస్మో కూడా. నేను విసిరాను. గొలుసులు మోగాయి. గెలిచానని నాకు తెలుసు, లెక్క నా బుర్రలో ఉంది. చేతులు పైకెత్తి చుట్టూ చూశాను. ఎవరిదో కుక్క చూస్తోంది. చేతులు దించేశాను.

అంతే సంగతి. బాధేం లేదు. కుక్క మంచిదే.

ఓస్మో మాట్లాడడం లేదు. మినేయా రెండో స్థానం.

జూలై 22, శనివారం

మినేయా, సానా సమానం. సానా రెండేళ్ళ వరస ఛాంపియన్, రాజధాని పిల్ల, చెయ్యి రాయిలాంటిది, వణకదు. ఇద్దరివీ ఇప్పటికి అన్నే విసుర్లు. రేపు ఎవరు తక్కువ విసుర్లతో ముగిస్తే కప్పు వాళ్ళది.

“ఆ పసుపు బకెట్ల ప్రకటన నీదేనా అత్తా?” అని అడిగింది మినేయా.

“తౌనోది” అన్నాను. అది నిజమే.

ఒక్కళ్ళయినా రావాలి దేవుడా. ఒక్కళ్ళు.

జూలై 23, ఆదివారం

సాయంత్రమైంది. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని రాస్తున్నాను. వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున నేను వెళ్ళేసరికి వరస చర్చి దాటింది. వానకోట్లు, ఫ్లాస్కులు, మడత కుర్చీలు. తౌనో టై కట్టుకుని వచ్చి ఒక్కొక్కళ్ళకి బకెట్ చేతిలో పెట్టి చేయి కలుపుతున్నాడు, పెళ్ళిపెద్దలాగా. నాకు గాల్లో తేలినట్టుంది. చూడరా ఓస్మో, అనుకున్నాను.

తర్వాత చూశాను. బకెట్ పుచ్చుకోవడం, లోపల చిల్లి ఉందేమో చూసుకోవడం, ‘థాంక్స్’ అని గొణగడం, కారు దగ్గరికి నడవడం. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. బకెట్ కోసం వచ్చినవాళ్ళు బకెట్ తీసుకుని ఇంటికి పోతున్నారు. తప్పేముంది? మొన్న నేను చేసిందీ అదేగా. ఇంత బుర్ర పెట్టి ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

“లోపల కాఫీ ఉందని చెప్పనా?” అంది హిల్కా.

“గేటు మూసుంది కదే. కాఫీ ఉందని ఊరించడమెందుకు?”

కార్లు నిలిపే చోటుకీ మొదటి టీకీ మధ్య కంచె ఒక్కటే అడ్డం. అవతల ఫైనల్ ఆడే నలుగురు ఆడపిల్లలు నిలబడ్డారు. మైకులో వాళ్ళ పేర్లు చదివారు, చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ముగ్గురు విసిరారు. చివర మినేయా. పొట్టిగా నాలుగడుగులు వేసి, నడుము తిప్పి వదిలింది. డిస్కు చెట్లని వదిలేసి, కుడి పక్కన నీళ్ళ మీదికి పోయింది. కారు తలుపు తెరవబోతున్న ముసలాయన ఒకాయన ‘అయ్యో’ అన్నాడు. డిస్కు ఇల్లు గుర్తొచ్చిన దానిలా వంపు తిరిగింది. ఒడ్డు చుట్టూ వెనక్కి వచ్చి బుట్ట కాళ్ళ దగ్గర కూర్చుంది.

ముసలాయన కంచె దగ్గరికి వచ్చాడు. “ఏమ్మా, ఆ పిల్ల మళ్ళీ వేస్తుందా?”

“ఇంకా పదిహేడు బుట్టలున్నాయండీ.”

కాసేపు ఆలోచించాడు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

“ఏమండీ, ఇంటికి రారా?” కారులోంచి భార్య.

“నువ్వే ఇటు రా. నీ బకెట్ కూడా తెచ్చుకో.”

ఆవిడ వచ్చింది. వాళ్ళని చూసి ఇంకొకళ్ళు. కారు స్టార్ట్ చేసినవాళ్ళు ఆపారు. టక్ టక్ మని బకెట్లు బోర్లిస్తున్న చప్పుడు కంచె పొడుగునా. ఆడపిల్లలు మొదటి బుట్ట ముగించి చెట్లలోకి నడిచారు. ఇక్కడ నుంచి ఇంకేం కనపడదు. జనం లేచి, బకెట్లు తీసుకుని గేటు ముందుకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు.

హిల్కా నా వైపు చూసింది. “పదకొండుకి గానీ తెరవద్దన్నాడు నీ తమ్ముడు.”

“నీకు చెప్పాడు. నాకు చెప్పలేదు.”

గడ్డి కోసేదాని దగ్గర అన్ని తాళాలూ ఉంటాయి. తెరిచాను.

నాలుగో బుట్ట దగ్గర నా ప్రాణం పోయింది. తాడు పొడుగునా వందల మంది, పసుపు బకెట్ల మీద కూర్చుని. మినేయా వాళ్ళని చూసింది. అంతమందిని ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. విసిరింది. డిస్కు సూటిగా పోయి బర్చ్ చెట్టుకి ఠప్ మని కొట్టుకుంది. రెండు విసుర్లు పోయాయి. నేనే చెడగొట్టాను, అనుకున్నాను. ఖాళీ అడవిలో హాయిగా గెలిచేదాన్ని పట్టుకుని సంతలో నిలబెట్టాను. నా కడుపుమంట కోసం.

అప్పుడా ముసలాయన లేచి నిలబడి, “ఫరవాలేదమ్మా! ఆ చెట్టు ఎప్పుడూ అంతే!” అని అరిచాడు. ఆయన ఆ చెట్టుని జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. అందరూ నవ్వారు. మినేయా నవ్వింది. సానా కూడా నవ్వింది. తర్వాత నుంచి మినేయా బిగిసిన భుజాలు సడలాయి.

తొమ్మిదో బుట్టకి వాన మొదలైంది. జనం పోతారనుకున్నాను. బకెట్లు నెత్తిన పెట్టుకున్నారు.

పదకొండో బుట్ట దగ్గరికి ఓస్మో బ్యాటరీ బండి వేసుకుని వచ్చాడు. మొహం చూస్తే ఉరుము. నా దగ్గర ఆపి, “గేటు ఎవరు...” అంటూ మొదలుపెట్టి తాడు వైపు చూశాడు. అటు నుంచి ఇటు దాకా పసుపు. మధ్యలో కూతురు. బండి దిగాడు.

“విసురుతోంది, కూర్చోండి సార్, వెనక కనపడటం లేదు” అంది ఒకావిడ, పక్కనున్న బకెట్ జరుపుతూ. కూర్చున్నాడు. చేతిలో రేడియో అరుస్తోంది, ‘ఓస్మో, లైవ్ వాళ్ళు ఎదురు చూస్తున్నారు, ఎక్కడున్నారు?’ అని. వాడు దాన్ని ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. నేను చూడనట్టు నటించాను.

పదహారో బుట్ట వచ్చేసరికి మినేయా పోయిన విసుర్లు రాబట్టుకుని సానాకంటే ఒక్క విసురు ముందుంది. అక్కడ సానా డిస్కు దురదగొండి పొదల్లో పడి కనపడకుండా పోయింది. దొరక్కపోతే జరిమానాగా ఒక విసురు ఎక్కువ కలుపుతారు. అంటే కప్పు దాదాపు మినేయాదే. ఎవరి డిస్కు పోయినా గుంపులో అందరూ వెతకాలన్నది మా ఆటలో పాత పద్ధతి, ఎన్ని కెమెరాలొచ్చినా మారనిది. కొందరు వెతుకుతున్నట్టు నిలబడతారు. మినేయా మోచేతుల దాకా పొదల్లో దూరింది. జనం కూడా దిగారు. గడువు అయిపోవస్తుండగా, “ఇదిగో సానా! నీదే!” అని ఎర్రగా కందిన చెయ్యి పైకెత్తింది. మా మినేయానే. నన్నడిగితే కప్పు అక్కడే ఇచ్చెయ్యాలి.

సానా అక్కడ నుంచి అద్భుతంగా వేసి సమానమైంది. నేను మనసులో తిట్టుకున్నాను, పైకి చప్పట్లు కొట్టాను.

పద్దెనిమిది. నీటి పాయ దాటించి వెయ్యాలి. ఇద్దరూ దాటించారు. సానాది బుట్టకి దూరంగా పడింది, గురి చూసి విసిరితే ఇనప అంచుకి తగిలి బయటికి వచ్చింది. మినేయాకి ఇల్లంత దూరం. ఈ ఒక్కటి పడితే అయిపోతుంది. వాన, గాలి, అంతమంది కళ్ళు. ఆ పిల్ల డిస్కుని చొక్కాకి తుడిచింది. ఒకసారి జనం వైపు చూసింది, భయంతో కాదు, లెక్క పెట్టుకుంటున్నట్టు. విసిరింది.

పడింది. వందల బకెట్లు ఒక్కసారి మోగాయి. పిడికిళ్ళతో, చేతి కర్రలతో, ఫ్లాస్కులతో కొట్టారు. పాయ మీద బాతులన్నీ లేచిపోయాయి. మధ్యాహ్నం ఆడాల్సిన మగవాళ్ళు వార్మప్ వదిలేసి పరిగెత్తుకొచ్చారు ఏం జరిగిందోనని. మినేయా చేతులు పైకెత్తింది, దించలేదు. చాలాసేపు దించలేదు. నేను కూడా నా చేతులు ఎత్తాననీ, అరిచాననీ హిల్కా చెప్పింది. ఉండొచ్చు.

“కప్పు! కప్పు!” అని ముసలాయన మొదలెట్టాడు. అందరూ అందుకున్నారు. ఓస్మో లేచాడు. టైమ్‌టేబుల్ ప్రకారం బహుమతులు సాయంత్రం, మగవాళ్ళ తర్వాత. వాడు గడియారం చూసుకున్నాడు. జనాన్ని చూశాడు. “హిల్కా, కప్పు పట్రా” అన్నాడు.

ఎవరో మైకు తెచ్చిచ్చారు. మంచె మీద కెమెరా అతను కెమెరా ఇటు తిప్పడం నా కళ్ళతో చూశాను. ఓస్మో కాగితం విప్పి, గొంతు సవరించుకుని, “ఈ ఏటి దేశపు మహిళా ఛాంపియన్, పోటీదారు...” అన్నాడు. ఆగిపోయాడు. కాగితం మడిచేశాడు.

“మా అమ్మాయి” అన్నాడు. మైకులో ఊపిరి వినపడింది. “మా అమ్మాయండీ.”

“వినపడిందయ్యా! ఆ కప్పు పిల్ల చేతికియ్యి ముందు!” అన్నాడు ముసలాయన.

ఇచ్చాడు. కప్పుతో పాటు కూతుర్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, వానలో. మినేయానే వాడి భుజం తట్టింది. మైకు ఇంకా వాడి చేతిలోనే ఉంది, అందుకే ఆ గుసగుస అందరం విన్నాం.

“నాన్నా, అవతల టికెట్ల జనం వచ్చే టైమైంది. మగవాళ్ళ ఆట ఏర్పాట్లు ఆలస్యమైపోతాయి.”

“ఆగుతారులే తల్లీ” అన్నాడు ఓస్మో.